విరాటపర్వం ఆడిన రాత్రి

దగ్గరికి జరగండి నాయనా, సలి ముదురుతాంది. ఆ కంది కంప ఇంకొంచెం మంటలోకి తొయ్యి. అమ్మణ్ణీ, నువ్వు ఆ అనపగింజలు పితుకుతానే ఇను. రేపు మీ జేజి పితికిన పప్పు చేసి సంగటి కెలుకుతుంది.

పొద్దున చిన్నోడు అడిగె కదా, "తాతా, మనం కర్ణాటకోళ్ళమా, ఆంధ్రోళ్ళమా?" అని. మంచి మాటే అడిగినాడు. మన పావగడ తాలూకాకు మూడు దిక్కులా ఆంధ్ర నేలే. జిల్లా తుమకూరే గానీ, ఆడికి పోవాలంటే నడాన మడకశిర తాలూకా దాటాల. 1799లో టిప్పు సచ్చిపోయినంక ఆయన రాజ్జెం పంచుకున్నారు. పెనుకొండ, మడకశిర పక్క నేల నిజాము చేతిలోంచి 1800లో కుంపిణీకి పోయె. మన పక్క మైసూరు దొరలకు మిగిలె. 1956లో భాషను బట్టి రాష్ట్రాలు చేసినప్పుడూ మన తాలూకా మైసూరులోనే నిలిచిపాయె. ఇంట్లో తెలుగు, ఇస్కూల్లో కన్నడ. నేను పలక మీద దిద్దింది కన్నడ అచ్చరాలే. తెలుగు అచ్చరాలు మా నాయన భారతం పుస్తకంలో ఏలు పెట్టి చూపించె.

అయితే దేశం అంటే ఏందో నాకు తెలిసింది పలక మీద కాదు. తోలుబొమ్మలాట తెర ముందర.

మన సీమలో వాన ఎత్తిపోయిందంటే పెద్దోళ్ళు విరాటపర్వం ఆడిస్తా ఉండ్రి. ఆడితే వానొస్తాదని నమ్మకం. ఊర్లో ఇంటింటికీ తిరిగి రాగులు, జొన్నలు, చిల్లర దుడ్లు పోగు చేసి బొమ్మలోళ్ళకు తాంబూలమిస్తా ఉండ్రి. వాళ్ళు బండి మీద బొమ్మల పెట్టె ఏసుకోని పెండ్లాం బిడ్డలతో సహా వస్తా ఉండ్రి. రామాలయం ముందర గుంజలు నాటి తెల్ల గుడ్డ బిగించి, దాని వెనక ఆముదం దీపాలు పెడతా ఉండ్రి. మేము పిల్లోళ్ళం పొద్దుగూకక ముందే గోతం పట్టలు పరుచుకోని ముందు జాగా పట్టుకుంటా ఉంటిమి.

బొమ్మలంటే మీరు ఆడుకునే బొమ్మలు కావు. మేకతోలు పల్చగా చేసి, రంగులేసి, నగలున్న చోటల్లా సన్నంగా బెజ్జాలు కొట్టినవి. భీముడు తెర మీదికొస్తే మనిషెత్తు. కిరీటం బెజ్జాల్లోంచి ఎలుగు సుక్కలు సుక్కలుగా రాలుతా ఉండె. తెర వెనక కాలికింద చెక్క పలక టకటక తొక్కితే గుర్రాలు ఉరికినట్లే ఉండె. ద్రౌపది పాటలు బొమ్మలోళ్ళ ఇంటి ఆడోళ్ళే పాడతా ఉండ్రి. కీచకుడు సైరంధ్రిని ఏడిపించే కాడ మా జేజి కండ్లనీళ్ళు పెట్టుకోని వాన్ని తిట్టిపోస్తా ఉండె. నడిమధ్యన బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి కొట్టుకుంటే ఏడ్చినోళ్ళంతా నవ్వుతా ఉండ్రి. తెల్లారే పొద్దుకు అర్జునుడు జమ్మిచెట్టు మీది ఆయుధాలు దించి, కౌరవుల చేతిలోంచి ఆవుల మందను ఇడిపించుకోని వస్తా ఉండె. దసరా నాడు మనం జమ్మికి మొక్కేది యాటికని మాకు ఎవరూ పాఠం చెప్పలా. చూసినాం, తెలిసె.

వాన పడెనా అంటావా? ఒక్కో ఏడు పడె, ఒక్కో ఏడు పడలా.

ఇంకోటి చెప్తా, ఇది బాగా ఇనండి. ఆట అయిపోయినంక పొద్దున ఆ బొమ్మలోళ్ళు చెట్టుకింద వంట చేసుకుంటా ఏందో మాట్లాడుకుంటాంటే మాకు ఒక్క ముక్క తెలీలా. మా నాయన్ను అడిగితే "అది మరాఠీ రా, వాళ్ళ పెద్దోళ్ళు ఆ సీమ నుంచి వచ్చినోళ్ళు" అనె. ఇంట్లో మరాఠీ. మన ఊర్లో రాత్రంతా పద్యాలు తెలుగులో. కన్నడమాడే ఊర్లకు పోతే అదే భారతం కన్నడంలో. మైసూరు దొరల నేల మీద కూర్చోని, ఉత్తరాన యాడో ఉన్న విరాటరాజు కొలువు కత, మరాఠీ ఇంటోళ్ళు తెలుగులో చెప్తే మేము ఏడ్చి నవ్వినాం. చిన్నోడా, నువ్వడిగినదానికి నేను చెప్పే జవాబు అదే.

ఇంక కొండ, ఏరు ఉండనే ఉన్నాయి. పుష్యమాసంలో నాగలమడిక జాతరకు నాయన నన్ను భుజాన ఎక్కించుకోని పెన్న ఇసకలో నడిపిస్తా ఉండె. కుక్కే ఆది సుబ్రహ్మణ్యం, ఘాటి మధ్య సుబ్రహ్మణ్యం, ఇది అంత్య సుబ్రహ్మణ్యం అని దావ పొడుగునా చెప్తా ఉండె. దున్నుతాంటే మడక కర్రుకు నాగశిల తగిలిందనే కత ఆ ఇసకలోనే ఇన్నా. నిడుగల్లు కొండెక్కితే, కరికాల చోళుని వంశమోళ్ళమని చెప్పుకున్న రాజులు ఈడ ఏలినారని, శివుని గుడులూ జైన బసదీ ఒకే కొండ మీద ఉండాయని చూపించె.

ఇప్పుడు తిరుమణి పక్క పోతే 13,000 ఎకరాల్లో అద్దాల పలకలే. 2,050 మెగావాట్ల కరెంటు తీస్తారంట. రైతులు నేల అమ్మలా, కౌలుకిచ్చినారు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. వానల్లేక చెనిక్కాయ ఎండిపోయి, బెంగళూరుకు కూలికి పోయినోళ్ళకు అది ఆసరానే. నేను తప్పు పట్టను. దాన్ని కూడా పిల్లోళ్ళకు చూపించాల్సిందే. ఆ నేలలో అంతకుముందు ఏం పండిందో మాత్రం పక్కన నిలబడి ఒకరు చెప్పాల.

ఒరే పెద్దోడా, పడసాల్లో కూర్చోని నువ్వూ ఇంటాండావు కదా. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఆ బొమ్మలు చేసేటోళ్ళు ఇంకా ఉండారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో సర్కారోళ్ళు పద్మశ్రీ ఇచ్చిరి. సెలవలు అయిపోకముందే పిల్లోళ్ళను ఎంటబెట్టుకోని ఆడికి పో. తోలు గీకేది, రంగేసేది కండ్లారా చూడనీ. వచ్చేటప్పుడు బొమ్మలాటోళ్ళకు తాంబూలమిచ్చిరా. ఉగాదికి మన రామాలయం ముందర విరాటపర్వం ఆడిద్దాం. ఊర్లో దుడ్లు నేను పోగు చేస్తా. మీరు మాత్రం బెంగళూరు నుంచి పిల్లోళ్ళతో రావాల.