ఫిజియోథెరపీ రెసిడెన్సీ

ఫిజియోథెరపీ రెసిడెన్సీ అనగా ఫిజియోథెరపీలో పట్టా పుచ్చుకొని, వృత్తి చేయుటకు అర్హత పొందిన తరువాత, ఏదో ఒక ప్రత్యేక విభాగంలో అనుభవజ్ఞుల పర్యవేక్షణ క్రింద రోగులకు చికిత్స చేస్తూ పొందే శిక్షణ. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ పద్ధతి బాగా స్థిరపడినది. భారతదేశంలో ఈ పేరుతో దేశవ్యాప్తమైన వ్యవస్థ లేదు. ఇక్కడ ప్రత్యేక విభాగంలో నైపుణ్యం కోరేవారు సాధారణంగా మాస్టర్ ఆఫ్ ఫిజియోథెరపీ (ఎంపీటీ) అనే రెండేళ్ళ డిగ్రీ చదువుతారు. ఈ రెండూ ఒకటేనని విద్యార్థులలో చాలామంది భావిస్తారు గాని, వీటి మధ్య భేదం ఉన్నది.

పేరు

రెసిడెన్సీ అనే మాట వైద్యవిద్య నుండి వచ్చినది. 1889లో బాల్టిమోరు నగరంలో ప్రారంభమైన జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో విలియం ఆస్లర్, విలియం హాల్‌స్టెడ్ ఈ పద్ధతికి రూపం కల్పించారు. శిక్షణ పొందే వైద్యులు ఆసుపత్రిలోనే నివసించేవారు కనుక వారిని రెసిడెంట్లు అన్నారు. మన గురుకులవాసం వంటిదే అనుకోవచ్చు. నేటి ఫిజియోథెరపీ రెసిడెంట్లు ఆసుపత్రిలో కాపురం ఉండనవసరం లేదు. పేరు మాత్రం నిలిచిపోయింది.

ప్రత్యేక శిక్షణ ఎందుకు

ఫిజియోథెరపీ కేంద్రాలలో నూతి గిలక వంటి ఒక చిన్న గిలక, దానిపై త్రాడు వేలాడుతూ కనిపిస్తాయి. బిగుసుకుపోయిన భుజం గలవారు మంచి చేతితో త్రాడును లాగి రెండవ చేతిని పైకెత్తుతారు. అది వారికి ఉపయోగకరమైన వ్యాయామమే. అయితే పక్షవాతం వచ్చిన రోగి సంగతి వేరు. చచ్చుబడిన కండరాలు భుజం కీలును పట్టి ఉంచలేవు. ఆ చేతిని గిలకతో పైకి లాగితే కీలు చుట్టూ ఉన్న మెత్తని భాగాలు నలిగి నొప్పి మొదలయ్యే ప్రమాదం ఉన్నది. అందువలన పక్షవాత రోగులకు తలపైకి ఎత్తే గిలక వ్యాయామం వద్దని చికిత్సా మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇంటివారు రోగిని మంచం మీద నుండి లేపేటప్పుడు ఆ చేతిని పట్టి లాగడం కూడా ఇటువంటి పొరపాటే. నడుము వైపు ఆసరా ఇచ్చి లేపాలి.

ఒకే భుజం, ఒకే పరికరం. ఒక రోగికి మేలు, మరొక రోగికి కీడు. ఈ విచక్షణ పుస్తకంలో చదివినంత మాత్రాన చేతికి రాదు. తెలిసినవారు ప్రక్కన నిలబడి చూస్తుండగా అనేకమంది రోగులను పరీక్షించి నేర్చుకోవలసినది.

అమెరికాలో

అమెరికాలో ఫిజియోథెరపిస్టును ఫిజికల్ థెరపిస్టు అంటారు. వృత్తిలో ప్రవేశానికి అక్కడ నేడు డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ (డీపీటీ) అనే పట్టా చదువుతారు. ఆపైన జాతీయ పరీక్షలో ఉత్తీర్ణులై రాష్ట్ర లైసెన్సు పొందాలి. రెసిడెన్సీ దాని తరువాతి మెట్టు. ఇది తప్పనిసరి కాదు. చేయనివారు కూడా జీవితాంతం వృత్తి చేసుకోవచ్చు.

ప్రత్యేక నిపుణులకు ధ్రువపత్రాలిచ్చే అమెరికన్ బోర్డు 1978లో ఏర్పడినది. మొదటి ధ్రువపత్రాలు 1985లో గుండె, ఊపిరితిత్తుల విభాగంలో ఇచ్చారు. తరువాత ఎముకలు కీళ్ళు, నరాలు, పిల్లలు, వృద్ధులు, క్రీడలు, స్త్రీల ఆరోగ్యం, క్యాన్సర్ మొదలైన విభాగాలు చేరాయి. రెసిడెన్సీలకు గుర్తింపునిచ్చే సంస్థ వేరుగా ఉన్నది. దాని నియమాల ప్రకారం రెసిడెంటు కనీసం 1,500 గంటలు రోగులతో గడపాలి. అందులో 150 గంటలు గురువు మార్గదర్శనం చేయాలి. ఇవిగాక 300 గంటల పాఠాలు ఉంటాయి. పూర్తికాలం పనిచేసేవారు సాధారణంగా ఏడాదిలో ముగిస్తారు.

ఈ 150 గంటలే రెసిడెన్సీకి ప్రాణం. రోగిని శిష్యుడే పరీక్షిస్తాడు. ఏ కారణమని అనుమానించావు, దేనిని త్రోసిపుచ్చావు, ఎందుకు అని గురువు ప్రశ్నిస్తాడు. సమాధానం సరిగా ఉన్నా కారణం చెప్పలేకపోతే చాలదు. లెక్క జవాబు సరిపోయినా చేసిన తీరు చూపమనే బడిపంతుళ్ళకు ఇది కొత్త కాదు.

రెసిడెన్సీ చేయకుండానే, ఆ విభాగంలో 2,000 గంటల చికిత్సానుభవం చూపి నిపుణుల పరీక్షకు కూర్చొనే మార్గం కూడా కలదు. మన దేశంలో చదివి అక్కడికి వెళ్ళేవారు మొదట తమ చదువు అక్కడి చదువుకు సమానమని మదింపు చేయించుకొని, జాతీయ పరీక్ష వ్రాసి, లైసెన్సు పొందాలి. ఇక్కడి ఎంపీటీని అక్కడ రెసిడెన్సీగా లెక్కించరు.

భారతదేశంలో

1952లో బొంబాయిలో పోలియో వ్యాపించిన తరువాత, ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో 1953లో అక్కడి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ పాఠశాల వెలసినది. భారత ఫిజియోథెరపిస్టుల సంఘం 1955లో ఏర్పడినది. వృత్తికి జాతీయ స్థాయి చట్టం మాత్రం చాలా ఆలస్యంగా, 2021లో వచ్చినది. ఆ చట్టం క్రింద ఏర్పడిన జాతీయ కమిషన్ 2025లో కొత్త పాఠ్య ప్రణాళిక విడుదల చేసినది. అంతకు ముందు ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నర సంవత్సరాలున్న బీపీటీని ఇందులో ఏడాది ఇంటర్న్‌షిప్‌తో ఐదేళ్ళు చేశారు.

ఎంపీటీలో పాఠాలు, రోగుల చికిత్స, పరిశోధనా వ్యాసం, విశ్వవిద్యాలయ పరీక్ష అన్నీ ఉంటాయి. ఇది పట్టా, రెసిడెన్సీ పనిలో శిక్షణ. ఎంపీటీ వలన బోధనకు, పరిశోధనకు దారి ఏర్పడుతుంది. చికిత్సలో చేయి తిరగడం కళాశాలకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రి మీద, అక్కడికి వచ్చే రోగుల సంఖ్య మీద ఆధారపడుతుంది. కాబట్టి భవనాలను గాక ఆసుపత్రిని చూసి కళాశాలను ఎంచుకోవడం మంచిది. వారాంతపు తరగతులతో ఇచ్చే ఫెలోషిప్ వంటి ధ్రువపత్రాలు రెసిడెన్సీకి సాటి రావు.

ఆంధ్ర ప్రదేశ్‌లో ఫిజియోథెరపీ కోర్సులు 1986లో ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోనివి. విజయవాడలోని ఈ సంస్థకు 1998లో ఎన్టీఆర్ పేరు, 2022లో వైఎస్సార్ పేరు పెట్టారు. 2024లో తిరిగి ఎన్టీఆర్ పేరు వచ్చినది. తిరుపతిలోని స్విమ్స్, హైదరాబాదులోని నిమ్స్ పెద్ద ఆసుపత్రితో కూడిన విద్యాసంస్థలు.

కర్లపాలెం ప్రాంతంలో

కర్లపాలెం, బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉన్నది. ఈ ప్రాంతానికి అందుబాటులోని పెద్ద బోధనాసుపత్రి గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి. పక్షవాతం వచ్చినవారు ఆసుపత్రి నుండి ఇంటికి చేరిన తరువాత నెలల తరబడి వ్యాయామం అవసరమవుతుంది. పల్లెలలో నాట్లు వేసి నడుము పట్టినవారిని, మోకాలు అరిగినవారిని, పక్షవాత రోగులను, నడక రాని పిల్లలను తరచుగా ఒకే ఫిజియోథెరపిస్టు చూడవలసి వస్తుంది. అటువంటివారికి అన్ని విభాగాల ప్రాథమిక జ్ఞానం ముఖ్యం. క్లిష్టమైన రోగిని నిపుణుని వద్దకు ఎప్పుడు పంపాలో తెలియడం అంతకన్న ముఖ్యం. ఎంపీటీ చేసినవారి వద్దకు వెళ్ళేవారు అది ఏ విభాగంలోనో అడిగి తెలుసుకోవచ్చు. క్రీడల విభాగంలో చదివినవారు, నరాల విభాగంలో చదివినవారు ఇద్దరి బోర్డు మీద ఎంపీటీ అనే మూడక్షరాలే కనిపించవచ్చు.