కారు ఇంజిన్ వేడెక్కడం: విశాఖపట్నంలో కారణాలు, ఇంటి మరమ్మతు

ఇంజిన్‌లో పుట్టిన వేడిని కూలెంటు, రేడియేటర్, ఫ్యాను కలిసి బయటికి పంపలేకపోయినప్పుడు కారు వేడెక్కుతుంది. మెకానిక్కుల మాటలో బండి హీటెక్కింది. చాలా కార్లలో కూలెంటు సుమారు 85 నుంచి 105 డిగ్రీల మధ్య ఉండాలి. డ్యాష్‌బోర్డు మీది ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత దాటాక కూడా తోలితే సిలిండర్ హెడ్ వంకరపోతుంది, గ్యాస్కెట్ పోతుంది, ఆఖరికి ఇంజిన్ సీజవుతుంది.

విశాఖలో ఈ బెడదకు ఊరి గాలి కూడా తోడవుతుంది. ఉక్కపోత నేరుగా రేడియేటర్‌ను ఇబ్బంది పెట్టదు. అయితే గాలిలోని తేమను నీరుగా మార్చడానికి ఏసీ ఎక్కువ కష్టపడుతుంది. ఆ వేడంతా రేడియేటర్ ముందున్న కండెన్సర్ నుంచి వెలువడి, వేడిగాలిగా రేడియేటర్‌కే తగులుతుంది. సముద్రపు ఉప్పుగాలి రేడియేటర్‌లోని పల్చటి అల్యూమినియం రెక్కలను తినేస్తుంది. పోర్టుకు దగ్గరగా ఉన్న పాతనగరం, జ్ఞానాపురం వైపు బొగ్గు, ఖనిజాల దుమ్ము ఆ రెక్కల సందుల్లో పేరుకుంటుంది. గాజువాక, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు ట్రాఫిక్‌లో నిలిచిన కారుకు ఎదురుగాలి ఉండదు, అంతా ఫ్యాను మీదే ఆధారం.

తేనెపట్టు రేడియేటర్ పుట్టిన ఏడు విషయంలో గ్రంథాల మధ్య తేడా ఉంది. జర్మన్ ఇంజినీరు విల్‌హెల్మ్ మైబాహ్ రూపొందించిన దాన్ని చాలామంది 1901 నాటిదిగా రాస్తారు. ఆ ఏడాది మార్చిలో నీస్ పోటీల్లో మెర్సిడెస్ 35 హెచ్‌పీ గెలవడంతో లోకానికి తెలిసింది. కానీ ఆ మోడల్ తొలి కారు కొన్నవారి చేతికి వచ్చింది 1900 డిసెంబరులో, కనుక ఆ సంవత్సరమే సరైనదనిపిస్తుంది. రేడియేటర్ లాగే ఫ్యాను కూడా మారింది. మన అంబాసిడర్‌లో (ఉత్పత్తి మొదలైంది 1957లో అని కొందరు, 1958లో అని మరికొందరు) ఫ్యాను ఇంజిన్ బెల్టుతో తిరిగేది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో అది కరెంటు ఫ్యాను. అప్పటి నుంచి బెల్టు చూసే చోట ఫ్యూజు, రిలే చూడాల్సి వచ్చింది.

బండి ఎప్పుడు హీటెక్కుతోందన్నదే తొలి ఆధారం. సిగ్నళ్ల దగ్గర వేడెక్కి హైవే మీద చల్లబడితే అనుమానం ఫ్యాను మీద. ఏసీ వేస్తే చాలా కార్లలో కాసేపటికే ఫ్యాను తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, వైరు సాకెట్టు వరుసగా చూడాలి. తీరప్రాంతంలో సాకెట్టులో పచ్చటి చిలుము పట్టడం మామూలే, అది గీకి శుభ్రం చేస్తే పని అయిపోవచ్చు. హైవే మీదో, ఘాటెక్కేటప్పుడో మాత్రమే వేడెక్కితే లోపల పూడుకున్న రేడియేటర్, అరిగిన వాటర్ పంపు, తెరుచుకోని థర్మోస్టాట్ కారణం కావచ్చు. రేడియేటర్ పై హోస్ కాలిపోతూ కింది హోస్ చల్లగా ఉంటే ముందుగా థర్మోస్టాట్‌నే చూడాలి. రెక్కల్లో దుమ్ము ఉంటే ఇంజిన్ వైపు నుంచి బయటికి, ధార మెల్లగా పెట్టి కడగాలి. వేగంగా కొడితే రెక్కలు వంగిపోతాయి.

వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తిప్పకూడదు. ఆ మూత సుమారు 1 బార్ అదనపు ఒత్తిడిని నిలుపుతుంది, దాంతో లోపలి నీరు 120 డిగ్రీల వరకు మరగదు. మూత తీయగానే ఒత్తిడి పడిపోయి, మరుగుతున్న నీరు ముఖం మీదికి చిమ్ముతుంది. హోస్‌ను చేత్తో పట్టుకోగలిగినంత చల్లారాకే మూత ముట్టుకోవాలి. మూతలోని రబ్బరు వాషరు పగిలినా బండి హీటెక్కుతుంది.

వేడి ఊరికి థర్మోస్టాట్ ఎందుకని దాన్ని పీకేసే మెకానిక్కులు ఉన్నారు. పాత ఇంజిన్లలో అది నడిచిందంటారు. నేటి ఇంజిన్లకు మాత్రం ఈ సలహా పనికిరాదు. 82 నుంచి 88 డిగ్రీల దగ్గర తెరుచుకునే ఆ మైనపు వాల్వు లేకపోతే ఇంజిన్ చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పంపుతుంది. కొన్ని ఇంజిన్లలో బైపాస్ దారి మూసుకోక కూలెంటు కొంత రేడియేటర్‌కే పోదు. వాల్వును ఊడదీసి గిన్నెడు నీళ్లలో వేసి కాస్తే మరిగేలోపే తెరుచుకోవాలి. ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడరాదు.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం ఇంకా పెద్ద పొరపాటు. తీరానికి దగ్గరి బోర్లలోని ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది, కఠిన జలం వల్ల లోపల గార కడుతుంది. కూలెంటును డిస్టిల్డ్ వాటర్‌తో, కంపెనీ పుస్తకం చెప్పిన పాళ్లలో కలపాలి. రంగును నమ్మి రెండు రకాలు కలపకూడదు. చిన్న లీకులకు పాత డ్రైవర్లు పసుపు వేసేవారని చెప్పుకుంటారు. అది సన్నటి గొట్టాలను కూడా మూసేయగలదు.

అరకు ప్రయాణంలో ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. సుమారు 900 మీటర్ల ఎత్తున మూత సరిగా పట్టని రేడియేటర్‌లో నీరు 97 డిగ్రీలకే మరుగుతుంది. అనంతగిరి ఘాటులో ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ వేసి, వీలైన చోట బండి పక్కకు తీయాలి.

కూలెంటు తొట్టెలో బుడగలు, ఆయిల్లో పాలరంగు, తియ్యటి వాసనతో తెల్లపొగ కనిపిస్తే గ్యాస్కెట్ పోయిందనే అనుకోవాలి. ఇంట్లో చేసే పని అక్కడితో ఆపి బండిని గాజువాక ఆటోనగర్‌కో మరో మంచి షెడ్డుకో లాగించాలి. తీసేసిన పాత కూలెంటు తియ్యగా ఉండే విషం, పిల్లలకూ కుక్కలకూ ప్రాణాంతకం. నగరంలోని గెడ్డలు హార్బరులోకో సముద్రంలోకో చేరేవే. దాన్ని కాలువలో పారబోయకుండా మూత బిగించిన డబ్బాలో షెడ్డుకు అప్పగించండి.