రెండు తెలుపులు: కోడి ఈకల రంగులో కనిపించేదీ, దాగి ఉండేదీ

కోడి ఈకలోని వర్ణకాలు ప్రధానంగా రెండే. నలుపునిచ్చేది యూమెలనిన్, ఎరుపు నుంచి పసుపు దాకా ఛాయలనిచ్చేది ఫియోమెలనిన్. ఈ రెండూ ఎక్కడ, ఎంత, ఎప్పుడు చేరాలో జన్యువులు నిర్ణయిస్తాయి. మెండెల్ సూత్రాలు జంతువులకూ వర్తిస్తాయని విలియం బేట్సన్ 1902లో నిరూపించింది కోళ్ళ మీదే. కానీ ఈకల రంగు బఠానీ పువ్వు రంగంత తేలిగ్గా లొంగదు. ఒక జన్యువు పనిని మరొకటి కప్పేస్తుంది. కాబట్టి కోడి జన్యురూపాన్ని దాని రంగును బట్టి కాక, దాని పిల్లలను బట్టి నిర్ధారించాలని నా వాదన.

దీనికి తెలుపును మించిన నిదర్శనం లేదు. వైట్ లెగ్‌హార్న్, వైట్ వయాండాట్ రెండూ తెల్ల కోళ్ళే. లెగ్‌హార్న్ తెలుపు బహిర్గత లక్షణం, అంటే జన్యువు ఒక్క మోతాదు ఉన్నా కనిపించేది. దానికి మూలం పీఎంఈఎల్17 జన్యువులో అదనంగా చేరిన 9 న్యూక్లియోటైడ్లని 2004లో తేలింది. వర్ణకణాల్లో నలుపు పేరుకోవడానికి ఆధారమైన పీచులు ఈ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌తోనే ఏర్పడతాయి. అది చెడితే నలుపు పోతుంది, ఎరుపు మాత్రం చాలావరకు నిలుస్తుంది. వయాండాట్ తెలుపు అంతర్గతం, అంటే రెండు మోతాదులుంటేనే కనిపించేది. టైరోసినేజ్ జన్యువులోకి ఏనాడో ఒక రెట్రోవైరస్ డీఎన్ఏ చొరబడటంతో ఈకల్లో రంగు తయారీ మొదట్లోనే ఆగిపోయింది. కళ్ళలో రంగు ఉంటుంది కనుక ఇది అల్బినిజం కాదు.

ఈ రెంటినీ సంకరం చేస్తే తొలి తరమంతా తెలుపే. ఆ పిల్లల్ని తమలో తాము జతకలిపితే, సగటున ప్రతి 16లో 13 తెల్లవి, 3 రంగువి పుడతాయి. ఆ మూడింటికి రంగు తయారుచేసే శక్తి లెగ్‌హార్న్ నుంచి వచ్చింది. దాన్ని అణచే జన్యువు లేకపోవడం వయాండాట్ నుంచి వచ్చింది. ఇన్నాళ్ళూ తెల్లకోడి రంగును మోస్తూనే ఉందన్నమాట!

మరికొన్ని రంగులు లింగాన్ని అనుసరిస్తాయి. పుంజుకు రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ. చారల జన్యువు జెడ్ మీద ఉంటుంది. రోడ్ ఐలాండ్ రెడ్ పుంజును చారల ప్లిమత్ రాక్ పెట్టతో కలిపితే తల్లి జెడ్ కొడుకులకే చేరుతుంది. కొడుకులకు చారలొస్తాయి, కూతుళ్ళు నల్లగా వస్తాయి. గుడ్డు పగిలిన రోజునే నల్లటి నూగు మధ్య నడినెత్తిన తెల్ల మచ్చ ఉంటే అది పుంజుపిల్ల. హేచరీకి ఇంతకన్నా సులువైన గుర్తు ఏముంటుంది?

గోదావరి, కృష్ణా ప్రాంతాల అసిల్ జాతి కోళ్ళ పెంపకందారులు రంగును బట్టి డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ అని పేర్లు పెట్టారు. దృశ్యరూపాన్ని ఇంత శ్రద్ధగా గమనించిన సంప్రదాయాన్ని జన్యుశాస్త్రం గౌరవంగా అందుకోవాలి. తెల్లని సేతువ పుంజును, తరతరాలుగా నల్లపిల్లల్నే ఇచ్చిన వంశంలోని కాకి పెట్టతో జతకలిపి, పిల్లలకు పూర్తి ఈకలు వచ్చేదాకా ఆగాలి. అన్నీ తెల్లగా ఉంటే ఆ తెలుపు బహిర్గతం. సుమారు సగమే తెల్లగా ఉంటే అదే జన్యువు పుంజులో ఒక్క మోతాదులో ఉంది. అన్నీ నల్లగా వస్తే అంతర్గతం. అప్పుడు మందలోంచి తెల్లకోళ్ళన్నిటినీ ఏరేసినా ఆ జన్యువు పోదు. నల్లపిల్లల్లో కనిపించకుండా తరాలు దాటుతుంది.