పెద్దపేగు క్యాన్సర్: ఆహారం, పేగు బ్యాక్టీరియాల చరిత్ర

పెద్దపేగు, పురీషనాళాల లోపలి పొరలో పుట్టే క్యాన్సర్‌ను కలిపి పెద్దపేగు క్యాన్సర్ అంటారు. 2020 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఏటా 19 లక్షలకు పైగా కొత్త రోగులు, 9 లక్షలకు పైగా మరణాలు దీని ఖాతాలో ఉన్నాయి. ప్రాణాలు తీయడంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తర్వాతి స్థానం దీనిదే. భారతదేశంలో దీని రేటు పాశ్చాత్య దేశాల రేటులో చిన్న భాగమే. కోనసీమలో ఎవరినైనా కారణం అడిగితే చద్దన్నం, మజ్జిగ, అరటిపండు అని టక్కున చెబుతారు. జవాబు పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. నూరేళ్ల పరిశోధన చూపేది ఇది: నోటికి రుచించేది ఏదన్నది కాదు, చిన్నపేగు దాటి పెద్దపేగు దాకా చేరేది ఏదన్నదే ముఖ్యం. అక్కడి బ్యాక్టీరియా తనకు అందినదాన్ని బట్టి మేలో కీడో చేస్తుంది. ఆహారం ఒక కారణం, బ్యాక్టీరియా ఇంకో కారణం అని విడదీసి రాసిన చరిత్రలు అందుకే కొంత దారి తప్పాయి.

ఆయుర్వేద గ్రంథాలు అర్బుదాలను వర్ణించాయి, పేగు రోగాలకు మజ్జిగను సూచించాయి. ఆ తర్వాత ఎన్నో శతాబ్దాల పాటు ఈ విషయంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. 1885లో వైద్యుడు థియోడర్ ఎషెరిక్ పసిపిల్లల మలంలో కనుగొన్న ఈ.కోలై బ్యాక్టీరియాకే తర్వాతి కాలంలో ఆయన పేరు పెట్టారు. 20వ శతాబ్ది తొలి దశకంలో శాస్త్రవేత్త మెచ్నికాఫ్ పెరుగు బ్యాక్టీరియా ఆయుష్షు పెంచుతుందని వాదించాడు. మన ప్రాంతానికి సంబంధించిన కథ మాత్రం 1918లో నీలగిరుల్లోని కూనూరులో మొదలైంది. అక్కడి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే గదిలో వైద్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన బెరిబెరి విచారణకు ఉత్తర సర్కారు జిల్లాలతో దగ్గరి సంబంధం ఉంది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, గౌతమీ వశిష్ఠల నడుమ కోనసీమలో వరి విస్తరించింది. రోకలి పోటు స్థానంలో బియ్యపు మరలు వచ్చాయి. తమిళ దేశంలో ఉప్పుడు బియ్యం వాడకం ఎక్కువ కాగా, ఇక్కడ మరపట్టిన తెల్ల పచ్చిబియ్యానిదే పైచేయి. ఆ తెల్లదనంతో పాటు తవుడులోని బి విటమిన్ పోయి, సర్కారు తీరంలో బెరిబెరి పాతుకుపోయింది. తవుడుతో పాటు పీచు కూడా పోయిందన్న సంగతి అప్పట్లో ఎవరికీ పట్టలేదు. మెక్‌కారిసన్ కోతులకు లోపభూయిష్టమైన తిండి పెట్టి, ముందుగా దెబ్బతినేది పేగు గోడేనని, క్రిములు ఆ తర్వాత చెలరేగుతాయని చూపాడు. ఎలుకలకు వివిధ ప్రాంతాల భోజనాలు పెట్టినప్పుడు గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరగాయలు తిన్న సిక్కుల పద్ధతి ఎలుకలు ముందు నిలిచాయి. మద్రాసు పద్ధతి ఎలుకలు చివరి వరసలో మిగిలాయి. ఇంత తక్కువ సాధన సంపత్తితో ఇంత దూరం చూసిన ప్రయోగశాలలు మన దేశంలో అరుదు. మెక్‌కారిసన్ మొదలుపెట్టిన ఆ ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలి, జాతీయ పోషకాహార సంస్థగా స్థిరపడింది.

ఆహారాన్ని క్యాన్సర్‌తో నేరుగా ముడిపెట్టినవాడు రైల్వే వైద్యుడు ఎస్.ఎల్. మల్హోత్రా. దేశం నలుమూలల రైల్వే ఉద్యోగులకు ఒకే రకం వైద్య సదుపాయం ఉంటుంది, తిండి మాత్రం ఎవరి ఊరిది వారిదే. పోల్చి చూడడానికి ఇంతకంటే అనువైన సమూహం దొరకదు. జీర్ణకోశ క్యాన్సర్ల ప్రాంతీయ వ్యత్యాసాల గురించి 1967లో రాసిన ఆయన, 1977లో పెద్దపేగు క్యాన్సర్ మీదికి వచ్చాడు. పీచు, పులిసిన పాల పదార్థాలు దండిగా తినే పంజాబీలలో ఇది అరుదని, దక్షిణాదివారిలో అంతకంటే ఎక్కువని చెప్పాడు. దక్షిణాది భోజనం దానికదే కవచమన్న నమ్మకానికి ఇది ఇబ్బందికరమైన సాక్ష్యమే. ఉగాండాలో పనిచేసిన శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్ 1971లో పీచు సిద్ధాంతాన్ని ప్రపంచానికి చాటాడు. పీచు ఉంటే మలం బరువెక్కి త్వరగా బయటకు పోతుంది, హానికర పదార్థాలకు పేగు గోడను తాకే వ్యవధి తగ్గుతుంది అన్నది ఆయన వాదన. అదే ఏడాది లండన్‌లో మైకేల్ హిల్ బృందం వేర్వేరు దేశాల వారి మల నమూనాలను పోల్చి, కొవ్వు ఎక్కువ తినేవారి పేగులో బ్యాక్టీరియా పిత్తామ్లాలను మార్చి క్యాన్సర్‌కు దోహదపడే పదార్థాలు చేస్తుందని ప్రతిపాదించింది. పీచు పక్షం, బ్యాక్టీరియా పక్షం కలవడానికి మరో పదేళ్లు పట్టింది. 1980లో పరిశోధకుడు రోడిగర్ పెద్దపేగు పొర కణాలకు ప్రధాన ఇంధనం బ్యూటిరేట్ అని తేల్చాడు. ఆ బ్యూటిరేట్‌ను తయారు చేసేది బ్యాక్టీరియా, ముడిసరుకు పీచు.

ఆహారమే రక్ష అన్న ఈ వాదనపై రెండు అభ్యంతరాలు వచ్చాయి, రెండూ తీసిపారేయదగినవి కావు. భారత్‌లో రోగం తక్కువ కాదు, ఆయుర్దాయం తక్కువ, రోగ నిర్ధారణ అంతకంటే తక్కువ అన్నది మొదటిది. 1982 నుంచి బొంబాయి, బెంగళూరు, మద్రాసు క్యాన్సర్ రిజిస్ట్రీలు జాతీయ కార్యక్రమం కింద లెక్కలు తీస్తున్నాయి. వయసు తేడాను సర్దుబాటు చేశాక కూడా అంతరం పెద్దగానే నిలిచింది. పైగా అమెరికా, బ్రిటన్‌లలో స్థిరపడిన భారతీయులలో ఈ రేటు స్వదేశంలో ఉన్నవారి కంటే ఎక్కువ. రక్తం మారలేదు, మారింది కంచం, జీవన సరళి. రెండో అభ్యంతరం మరింత పదునైనది. 2000లో అమెరికాలో 2,079 మందితో ఒకటి, 1,429 మందితో ఇంకొకటి, రెండు ప్రయోగాలు వెలువడ్డాయి. పీచు పెంచినా పాలిప్‌లు, అంటే పేగు పొరపై మొలిచే బొడిపెలు, మళ్లీ పుట్టడం తగ్గలేదు. అయితే ఇవి మూడు నాలుగేళ్ల ప్రయోగాలు, అప్పటికే పాలిప్‌లు తీయించుకున్నవారి మీద చేసినవి. క్యాన్సర్ పెరగడానికి పట్టే కాలం పదేళ్లు, పదిహేనేళ్లు. 2003లో యూరప్‌లోని పది దేశాల ఐదు లక్షల మందిని పరిశీలించిన అధ్యయనం, తక్కువ పీచు తినేవారు దాన్ని రెట్టింపు చేసుకుంటే ముప్పు 40 శాతం దాకా తగ్గవచ్చని లెక్కగట్టింది. పరిశీలన ప్రయోగమంత బలమైనది కాదన్న మాట నిజమే. ఆ లోటు కొంత తీర్చింది 2015 నాటి ఓ'కీఫ్ ప్రయోగం. 20 మంది ఆఫ్రికన్ అమెరికన్లు, 20 మంది దక్షిణాఫ్రికా గ్రామీణులు రెండు వారాలు తిండి మార్చుకున్నారు. రోజుకు 14 గ్రాముల పీచు తినే అమెరికన్లు 55 గ్రాములకు పెరిగారు, 66 తినే గ్రామీణులు 12కు దిగారు. అమెరికన్ల పేగుల్లో బ్యూటిరేట్ రెండున్నర రెట్లు పెరిగింది, గ్రామీణులకు సగమైంది. పేగు పొరలో క్యాన్సర్ ముప్పును సూచించే గుర్తులు కూడా అటు తగ్గాయి, ఇటు పెరిగాయి.

ఇదే కొలతతో కోనసీమలోని కొత్తపేట కంచాన్ని చూడవచ్చు. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల మరపట్టిన బియ్యంలో పీచు 2.8 గ్రాములు, దంపుడు బియ్యంలో 4.4, రాగుల్లో 11కు పైమాట. రోజుకు 400 గ్రాముల తెల్ల బియ్యం వండుకున్నా దక్కేది 11 గ్రాములే. మేలు చేస్తుందని 2019 నాటి సమీక్ష చెప్పిన 25–29 గ్రాములకు ఇది సగం కూడా కాదు. మిగతాది అన్నం పక్కనున్న వాటి నుంచి రావాలి, కోనసీమ వంట గొప్పతనం అంతా అక్కడే ఉంది. ముళ్ల తొక్క చెక్కేసిన పచ్చి పనసకాయను కత్తితో టకటకా కొట్టి పొట్టు చేసి ఆవ పెట్టి వండే కూర, కంద బచ్చలి, అరటి పువ్వు, నారలు తీసి తరిగిన అరటి దూట, కందిపప్పు: పెద్దపేగుకు అందే సరుకు ఇదే. పచ్చి అరటికాయలో చిన్నపేగుకు లొంగని పిండి కూడా ఎక్కువ. ఇవి తగ్గి తెల్లన్నం, వేపుడు మాత్రమే మిగిలిన కంచం కోనసీమలో ఉన్నా కోనసీమ భోజనం కాదు. చద్దన్నం సంగతికొస్తే, అన్నం చల్లారితే లొంగని పిండి కొంత పెరుగుతుంది, తరవాణిలో లాక్టిక్ బ్యాక్టీరియా ఉంటుంది. కానీ ఆ పెరుగుదల కొద్దిపాటిదే. వంశపారంపర్య ముప్పున్న లించ్ సిండ్రోమ్ కుటుంబాలకు రోజుకు 30 గ్రాముల లొంగని పిండి ఇచ్చి చూసిన ప్రయోగంలో పెద్దపేగు క్యాన్సర్ తగ్గలేదు, ఇతర క్యాన్సర్లు తగ్గాయి. చద్దన్నం మంచి ఆహారమే, మందుగా అమ్మడం మాత్రం అతి. మాంసం వైపు సాక్ష్యం ఇంతకంటే తేటగా ఉంది: 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం సాసేజ్, బేకన్ వంటి నిల్వ మాంసాన్ని క్యాన్సర్ కారకమని, మేక, గొర్రె, పంది, పశు మాంసాలను బహుశా కారకాలని వర్గీకరించింది.

మేలుచేసే బ్యాక్టీరియా కథ ఇలా సాగుతుండగా కీడుచేసేవాటి పేర్లు కూడా బయటపడ్డాయి. 2012లో రెండు బృందాలు వేర్వేరుగా, నోటిలో నివసించే ఫ్యూసోబ్యాక్టీరియం కణితుల్లో గుమిగూడుతోందని గుర్తించాయి. కొన్ని ఈ.కోలై రకాలు కోలిబాక్టిన్ అనే విషం తయారు చేస్తాయని 2006లో తెలిసింది. అది డీఎన్ఏపై ప్రత్యేకమైన మచ్చలు వదులుతుందని 2020లో రుజువైంది. 11 దేశాల 981 కణితుల డీఎన్ఏను చదివిన 2025 అధ్యయనంలో 40 ఏళ్లలోపు రోగుల్లో ఆ మచ్చలు 70 దాటినవారి కంటే మూడు రెట్లకు పైగా ఎక్కువ. మచ్చ పడేది పదేళ్లలోపు వయసులోనే కావచ్చునని పరిశోధకుల అంచనా. ఆ 11 దేశాల్లో భారత్ లేదు. మన పెద్ద ఆసుపత్రులకు వచ్చే పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో చిన్న వయసువారి పాలు పాశ్చాత్య దేశాల కంటే ఎక్కువ గనుక, ఈ లోటు చిన్నది కాదు.

చికిత్స చరిత్రలోనూ గోదావరి గడ్డకు ఒక చోటుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు స్వయంగా స్ప్రూ అనే పేగు రోగంతో బాధపడ్డారు. లెడర్లె ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. ఆకుకూరల్లో, పప్పుల్లో దొరికే, పేగు బ్యాక్టీరియా కూడా కొంత తయారుచేసే ఈ విటమిన్‌కు చెందిన మరో రూపమే ల్యూకోవోరిన్. ఫ్లోరోయురాసిల్ అనే క్యాన్సర్ మందుతో జతకట్టి పెద్దపేగు క్యాన్సర్ రోగులకు నేటికీ సెలైన్ స్టాండ్ల మీద ఎక్కుతున్నది అదే.