వ్రేలికి జవాబిచ్చు మీట

1874లో అమెరికాలోని రెమింగ్టన్ సంస్థ షోల్స్, గ్లిడెన్‌ల టైపురైటరును అమ్మకమునకు తెచ్చినది. ఆ యంత్రములో వ్రేలి బలమే అచ్చుకడ్డీని లేపి కాగితమునకు తాకించెడిది. మీట పని చేసినదో లేదో వ్రేలికి, చెవికి వెంటనే తెలిసెడిది. కంప్యూటరు మీటకు అంత పని లేదు. విద్యుద్వలయమును క్షణకాలము కలిపిన చాలును. అట్లయినచో వ్రేలికి ఆ జవాబు ఇంకను అవసరమా?

ఈ ప్రశ్న 1983లో ఐ.బి.ఎం. సంస్థకు ఎదురైనది. ఆ నవంబరులో ప్రకటించిన పి.సి. జూనియర్ అను గృహ కంప్యూటరుకు చిన్న చిన్న చదునైన మీటలను ఎడమెడముగా అమర్చిరి. అక్షరములను మీటలపై గాక, వాటికి ఎగువనున్న పలకపై ముద్రించిరి. టైపు చేయుట కష్టమని విమర్శలు చెలరేగినవి. 1984లో సంస్థ పూర్తి పరిమాణపు మీటలు గల కీబోర్డును, కంప్యూటరు కొన్నవారికి ఉచితముగా ఇచ్చినది.

అదే సంస్థ 1981లో తన పి.సి.తో ఇచ్చిన కీబోర్డు వేరు. అందు ప్రతి మీట క్రింద సన్నని స్ప్రింగు గలదు. మీట కొంత దిగగానే స్ప్రింగు ప్రక్కకు వంగి చిన్న సుత్తిని కదల్చును. ‘టక్’మని శబ్దమగును, వ్రేలి క్రింది నిరోధము తటాలున తగ్గును. అక్షరము చేరినదనుటకు అదే గుర్తు. 1985 నాటి ‘మోడల్ ఎం’లో సుత్తి క్రింద చౌకయైన ప్లాస్టిక్ పొరలను ఉంచిరి గాని, స్ప్రింగును విడువలేదు. అనగా గుణము పొరను బట్టి గాక, వ్రేలికందు జవాబును బట్టి ఉన్నదన్నమాట.

నేటి సాధారణ కీబోర్డులలో మీట క్రింద రబ్బరు గుబ్బ ఉండును. మెకానికల్ కీబోర్డులలో ప్రతి మీటకు ప్రత్యేకమైన స్విచ్చి ఉండును. మొదటిది 50 లక్షల నుండి 1 కోటి నొక్కుల వరకు, రెండవది 5 కోట్లు, అంతకు మించియు మన్నునని తయారీదారులు చెప్పుదురు. తేడా పెద్దదే. కాని లెక్క వేసి చూడుడు. ఒక గుమాస్తా రోజుకు 20,000 సార్లు మీటలు నొక్కుననుకొందము. ఇంగ్లీషు టైపులో సుమారు ఆరవ వంతు, మాటల మధ్య ఖాళీనిచ్చు మీటపైననే పడును. 300 పనిదినములకు అది 10 లక్షలు. కోటి నొక్కుల మీటయైనను 10 సంవత్సరములు వచ్చును!

కాబట్టి మన్నికను మాత్రమే చూచి అధిక ధర పెట్టనక్కరలేదు. దినమంతయు టైపు చేయువారికి స్పష్టమైన స్పర్శ, చెడిన స్విచ్చిని ఒక్కదానినే మార్చుకొను వీలు ఆ ధరకు తగినవే. ముప్పదిమంది కూర్చుండు తరగతిలో మాత్రము ‘టక్ టక్’ శబ్దము బాధయే. కొనుటకు ముందు నాలుగు వాక్యములు టైపు చేసి చూచుట మేలు. తీర్పు చెప్పవలసినది వ్రేళ్ళే.