ఎగువ శాఖ, దిగువ శాఖ: లినక్స్ ప్యాకేజీల పొత్తు చరిత్ర

గోదావరి నాందేడు పట్టణమును దాటి తూర్పుగా సాగి, ధర్మాబాదు తాలూకా మీదుగా తెలంగాణమున ప్రవేశించును. ఆ తాలూకాలోని బాబ్లీ ఆనకట్ట తలుపులను ఏటేట జూలై 1 మొదలు అక్టోబరు 28 వరకు తెరచి యుంచవలెనని 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కనుక ఎగువ, దిగువ అను మాటల బరువు నాందేడు తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. సాఫ్ట్‌వేరు రంగము ఈ రెండు మాటలనే నదులనుండి అరువు తెచ్చుకొన్నది. మూలకర్తల కృషి ఎగువ. దానిని గ్రహించి, కూర్చి, జనులకు పంచునది దిగువ.

1991లో ఫిన్లాండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ప్రకటించిన లినక్స్ ఆధారముగా పెక్కు కూర్పులు బయలుదేరినవి. వానిలో అమెరికాలోని రెడ్ హ్యాట్ సంస్థ కూర్పు తొలినాళ్లలో అందరికిని ఒక్కటియే. 2002లో ఆ సంస్థ వ్యాపారసంస్థలకై ఎంటర్‌ప్రైజ్ కూర్పును వేరుగా వెలువరించెను. 2003లో పాతకూర్పు తొమ్మిదవ సంచికతో నిలిచిపోయెను. ఆ యేడు నవంబరులో స్వచ్ఛంద సేవకుల తోడ్పాటుతో ఫెడోరా వెలసెను. నాటినుండి ఒకే ప్యాకేజీకి రెండు జీవితములు. ఫెడోరాలో సుమారు ఆరు మాసములకొక క్రొత్త సంచిక. ఎంటర్‌ప్రైజ్ సంచికకు పదేండ్ల పోషణ. మొదటిదానిని వాడువారు క్రొత్తదనము కోరుదురు. రెండవదానికి సొమ్ము చెల్లించువారు ఏదియు కదలరాదందురు.

ఇందుండియే చిక్కు పుట్టినది. ఎంటర్‌ప్రైజ్ సంచికలు ఫెడోరానుండియే చీలును: 2019 నాటి ఎనిమిదవది ఫెడోరా 28నుండి, 2022 నాటి తొమ్మిదవది 34నుండి. ఒక దోషమును ఎనిమిదవ సంచిక శాఖలో మాత్రమే దిద్ది, ఆ దిద్దుబాటును ఎగువకు పంప మరచిరేని, తొమ్మిదవ సంచికలో అదే దోషము మరల తలయెత్తును. నీరు ఎగువకు పారదు. దిద్దుబాటు పారి తీరవలెను. అందుచేతనే 'ముందు ఎగువకు' అను నియమము ఏర్పడినది.

2010లో ఫెడోరా పాత సీవీఎస్ పద్ధతిని విడిచి గిట్‌ను చేపట్టినది. ప్రతి ప్యాకేజీకి ఒక భాండారము. అందు రాహైడ్ అనునది ప్రధానశాఖ, ప్రతి సంచికకు ఒక్కొక్క ఉపశాఖ. ఎంటర్‌ప్రైజ్ కూర్పులో లేని ప్యాకేజీలను దానికి అందించుటకై ఫెడోరావారు నడపు ఈపెల్‌కు గూడ అచటనే శాఖలు గలవు. వీనిని కలిపి యుంచుటకు రెండు మార్గములు కానవచ్చును. ఒకే స్పెక్ దస్త్రమును అన్ని శాఖలలో నుంచి, భేదములను షరతు వాక్యములతో అందే వ్రాయుట ఒకటి. శాఖలను విడిచిపెట్టి, కావలసిన మార్పులను మాత్రము ఏరి తెచ్చుకొనుట రెండవది. మొదటి మార్గమున చరిత్ర ఒక్కటిగా నుండును, గాని సంచికలు పెరిగిన కొలది షరతులు పేరుకొని దస్త్రము చదువశక్యము గాకుండును. రెండవది సుఖముగా దోచును. ఏరుట మరచిననాడు గాని దాని కష్టము తెలియదు. చిన్న ప్యాకేజీలకు మొదటిదే మేలు.

తెలుగు లిపి కథ యిందుకు నిదర్శనము. రెడ్ హ్యాట్ జీపీఎల్ అనుమతితో విడుదల చేసిన లోహిత్ ఫాంట్లలో తెలుగు ఒకటి. లోహితమనగా ఎరుపు, సంస్థ పేరునకు అది సంస్కృత సంకేతము. 2022 మే మాసముననే ఫెడోరా 36, ఎంటర్‌ప్రైజ్ తొమ్మిది రెండును వెలువడినవి. ఫెడోరా 36లో తెలుగుతో సహా పెక్కు భారతీయ లిపులకు లోహిత్ స్థానమున నోటో ఫాంటు వచ్చినది. 34నుండి చీలిన తొమ్మిదవ సంచిక లోహిత్‌తోనే నిలిచినది. ఒకే మాసమున పుట్టిన రెండింటిలో తెలుగు అక్షరము రెండు రూపుల దాల్చెను. ఇది ఎవరి తప్పిదమును గాదు. కోత పడిన దినము నిర్ణయించిన భేదము.

జర్మనీలోని సూసె సంస్థ మరొక త్రోవ త్రొక్కినది. 2021 నాటి ఓపెన్‌సూసె లీప్ 15.3లో, సంస్థ వ్యాపారకూర్పులో నిర్మించిన ప్యాకేజీలనే మార్పులేక చేర్చుకొన్నారు.

రెడ్ హ్యాట్ కూర్పునకు ఉచితప్రతిగా 2004నుండి నడచిన సెంటాస్ 2020 డిసెంబరు ప్రకటనతో మలుపు తిరిగెను. సెంటాస్ 8 మరుసటి యేటి చివర ఆగిపోయి, ఎంటర్‌ప్రైజ్ కూర్పునకు ముందు నడచు సెంటాస్ స్ట్రీమ్ దాని స్థానమున నిలిచెను. దిగువనున్న ప్రతి ఎగువకు చేరినట్లాయెను. 2021లో అల్మాలినక్స్, రాకీ లినక్స్ ఆ ఖాళీని పూరించుటకు పుట్టినవి. 2023 జూన్‌లో ఎంటర్‌ప్రైజ్ మూలములను బహిరంగముగా ఉంచుట మాని, స్ట్రీమ్ ఒక్కదానినే రెడ్ హ్యాట్ తెరచి యుంచెను. ఇట తలుపుల తారీఖును నిర్ణయించు న్యాయస్థానము లేదు. జూలైలో అల్మావారు అచ్చుగ్రుద్దినట్టి పోలికను విడిచి, ప్రోగ్రాములు నడచుటకు చాలినంత పొత్తు మాత్రమే పాటింతుమని ప్రకటించిరి. తాము కనుగొన్న దోషములను తామే దిద్దుకొని, ఆ దిద్దుబాట్లను స్ట్రీమ్‌కు గూడ పంపసాగిరి.