లిబరల్ అంటే తిట్టా? ఒక మాట వెనకాల పోయి చూశాను



ఈ నెలలో నన్ను ఇద్దరు ఒకే మాటతో తిట్టారు. ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. అందుకే ఇది రాయాలనిపించింది. పోస్టు పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మొదటిది హాస్టల్లో జరిగింది. మూడు వారాలుగా గుడ్డు పెట్టట్లేదు. సీనియర్ అన్న హైవే మీద కూర్చుందాం పదండి అన్నాడు. నేను, ముందు సమాచార హక్కు కింద స్టాకు రిజిస్టర్ కాపీ అడుగుదాం, వంటమనిషి ఏటి చెప్తాడో కూడా విందాం అన్నాను. అన్న నవ్వి "నువ్వు లిబరల్‌వి రా తమ్ముడూ, నీతో ఏటీ అవదు" అన్నాడు. గదిలో ఉన్నవాళ్లందరూ నవ్వారు.

రెండోది ఊళ్లో. చర్చికి పోతున్న నాలుగు ఇళ్లవాళ్లని బోరు దగ్గరకి రానివ్వకూడదని మాట లేచింది. వాళ్లూ మనవాళ్లే కదా, నీళ్లు ఆపడం తప్పు అన్నాను. ఆ రాత్రే మా పెదనాన్న కొడుకు ఫోన్లో ఒక బొమ్మ పంపాడు. లిబరల్స్ అందరూ దేశద్రోహులని ఉంది దానిమీద. కింద "నీకే" అని రాశాడు.

ఒకరికి నేను చేతగానివాణ్ణి, ఇంకొకరికి ద్రోహిని. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. ఈ మాటకి అర్థం అడుగుదామంటే ఇంట్లో ఎవరూ లేరు. లైబ్రరీలో దొరికినవి, సార్లు చెప్పినవి కలిపి రాస్తున్నాను. సగం హరిశ్చంద్రపురం స్టేషన్లో పాసింజర్ కోసం ఎదురుచూస్తూ రాసిందే.

లాటిన్‌లో లిబెర్ అంటే బానిస కానివాడు. లిబరల్ ఆ మాటలోంచే వచ్చింది. రాజకీయాల్లో ఒక పక్షానికి పేరుగా అది మొదట వాడుకలోకి వచ్చింది స్పెయిన్‌లో, 1810 తర్వాత కాడిజ్ ఊళ్లో జరిగిన సభలో. రాజు అధికారానికి రాజ్యాంగంతో హద్దు పెట్టాలన్నవాళ్లు లిబరేల్స్. వాళ్లు ఎదటివాళ్లకి పెట్టిన పేరు సెర్విలెస్, అంటే ఊడిగంగాళ్లు. కొన్నేళ్లకే ఇంగ్లాండులో రాజు పక్షంవాళ్లు అదే స్పానిష్ మాట పట్టుకొచ్చి, తమ దేశంలో సంస్కరణలు అడిగేవాళ్లని పరాయి దేశపు రోగం అంటించుకున్నవాళ్లన్నట్టు ఎగతాళి చేశారు. అంటే తిట్టుగా వాడడం ఇప్పుడొచ్చింది కాదు, రెండొందల ఏళ్ల కిందటే ఉంది. తర్వాత ఆ తిట్టునే పేరుగా పెట్టుకుని 1859లో లిబరల్ పార్టీ ఏర్పడి, ఇంగ్లాండును ఏలింది కూడా. అమెరికాలో 1988 ఎన్నికల్లో పెద్ద బుష్ తన ప్రత్యర్థి డుకాకిస్‌ని లిబరల్ లిబరల్ అని అనే ఓడగొట్టాడంటారు.

తెలుగులోకి వచ్చేసరికి ఇది ఉదారవాది అయింది. నాకు ఇక్కడే అడ్డం తిరిగింది. ఉదారుడంటే మనకి దాత. ఇచ్చేవాడు. బానిస కానివాడు అన్న అర్థం పోయి, పైనుంచి దయ చూపించేవాడు అన్న అర్థం వచ్చి కూర్చుంది. మా నాన్న జీడితోట తాకట్టు పెట్టుకున్న షావుకారు చాలా ఉదారుడు. వానల్లో బియ్యం ఇస్తాడు, జ్వరం వస్తే డబ్బిస్తాడు, ఒక్క మాట తూలడు. పిక్కలు రాలే కాలానికి 80 కేజీల బస్తా తను చెప్పిన రేటుకే కొంటాడు. మనం ఎప్పుడూ పుచ్చుకునే వరసలోనే ఉన్నాం కాబట్టి ఉదారవాదం అనగానే మనకి ఇచ్చే చెయ్యి కనిపిస్తుంది. అసలు మాటలో ఉన్నది దొర చెయ్యి కాదు, గొలుసు లేని కాలు. తర్జుమా చేసినవాళ్ల తప్పని అనను. మన ఏజెన్సీలో అప్పు కింద మనిషిని కట్టేసే గొత్తి పద్ధతిని 1940లో రెగ్యులేషన్ పెట్టి రద్దు చెయ్యాల్సొచ్చింది. అలాంటి గొత్తి కింద ఉన్నవాడు పూనుకుని ఈ మాటని తెలుగు చేసుంటే ఇంకో పేరు పెట్టేవాడేమో.

ఇప్పుడు అసలు చేదు సంగతి. స్వేచ్ఛ గురించి ఎక్కువగా రాసిన జాన్ స్టూవర్ట్ మిల్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. 1823 నుంచి 1858 దాకా లండన్ ఆఫీసులో ఉండి మన దేశం కాగితాలు రాశాడు. 1859లో వచ్చిన ఆన్ లిబర్టీ పుస్తకం మొదట్లోనే, ఈ స్వేచ్ఛ చిన్నపిల్లలకీ వెనకబడిన జాతులకీ వర్తించదని మినహాయింపు పెట్టాడు. అతను కంపెనీలో ఉండగానే, 1839లో, గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండలకి ఒక ప్రత్యేక చట్టం వచ్చింది. మామూలు కోర్టులు, మామూలు చట్టాలు అక్కడ చెల్లవు, గవర్నర్ ఏజెంటుగా ఉండే కలెక్టర్ ఎంత చెప్తే అంత. ఏజెన్సీ అన్న మాట మనకి అక్కడినుంచే వచ్చింది. టెక్కలి, సోంపేట వైపు 1936 దాకా గంజాంలోనే ఉండేది. అంటే ఆ పుస్తకంలో పెట్టిన మినహాయింపు మన తాతల ముత్తాతలే.

ఈ ప్రాంతంలో పుట్టిన పెద్ద లిబరల్ ఒకాయన ఉన్నారు, మన పిల్లలకి పేరు కూడా తెలీదు. చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి. 1880లో విజయనగరంలో పుట్టి, అలహాబాద్ పోయి లీడర్ పత్రికకి ఎడిటరయ్యారు. 1918లో కాంగ్రెస్ నుంచి విడిపోయిన లిబరల్ పక్షంలో ముఖ్యుడు. సంయుక్త రాష్ట్రంలో మంత్రిగా ఉండి, గవర్నర్‌తో పడక 1923లో రాజీనామా పడేశారు. అయినా వీళ్లని జనం మితవాదులు అన్నారు. జైలుకి పోనివాళ్లు, అర్జీలు రాసేవాళ్లు అని. సీనియర్ అన్న నన్నన్న మాట అప్పటి మాటే. నాకు చింతామణిగారి మీద గౌరవం ఉంది, పదవి వదులుకోవడం చిన్న సంగతి కాదు. కానీ ఆ లిబరళ్లు పోట్లాడి తెచ్చుకున్న కౌన్సిళ్లూ మంత్రి పదవులూ మన కొండలకి పెద్దగా అందలేదు. 1935 చట్టంలో మనవి పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు. మళ్లీ మినహాయింపే.

ఇక మన జిల్లా సంగతి. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. కొద్దిరోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారు అడవి కలప గొడవలో గుడారి రాజమణిపురం దగ్గర పోలీసు కాల్పుల్లో సాసుమాన గున్నమ్మ చనిపోయింది. ఆ కిసాన్ సభని 1936లో నిలబెట్టినవాళ్లలో ఎన్.జి. రంగా ఒకరు. అదే రంగా 1959లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి అధ్యక్షుడయ్యారు. బారువ గౌతు లచ్చన్నగారు కూడా అందులోనే. మన దేశంలో అచ్చమైన లిబరల్ పార్టీ అంటే అదే. ఆస్తి హక్కు, స్వేచ్ఛా వ్యాపారం, ప్రభుత్వ పెత్తనం తగ్గాలనడం వాళ్ల విధానం. జమీందార్ల పార్టీ అని ఎదటివాళ్లు తిట్టారు. 1967 ఎన్నికల్లో రంగా శ్రీకాకుళం నుంచే లోక్‌సభకి గెలిచారు.

ఆ ఏడే అక్టోబర్ 31న లేవిడి జరిగింది. మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభకి పోతున్న మనవాళ్లని లేవిడి దగ్గర భూస్వామి మనుషులు అడ్డగించి కాల్చారు. కోరన్న, మంగన్న చచ్చిపోయారు. కేసు కోర్టుకెళ్లింది. 1968లో నిందితుల్ని వదిలేశారు.

నేను ఈ రెండు తేదీల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మైదానంలో స్వేచ్ఛ పేరు మీద పార్టీ గెలిచింది. అదే జిల్లా కొండల్లో, అదే ఏడు, సభకి నడిచిపోయే స్వేచ్ఛ లేక ఇద్దరు చనిపోయారు. కోర్టుని నమ్మండి అని చెప్పేవాడి నోరు 1968లో మూతపడింది. ఆ నవంబర్లో పెదగొట్టిలి దాడితో సాయుధ పోరాటం మొదలైంది. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మాస్టార్లు 1970 జూలై 10న చనిపోయారు. మిగతాది మీ ఇళ్లల్లో పెద్దవాళ్లకి నాకంటే బాగా తెలుసు.

సీనియర్ అన్న తిట్టుకి ఇంకో వేరు కూడా ఉంది. మావో 1937 సెప్టెంబర్లో ఉదారవాదాన్ని ఎదిరించమని చిన్న వ్యాసం రాశాడు. పార్టీవాళ్లకి అది పాఠం లాంటిది. తీసి చదివితే నేను అనుకున్నది లేదు. ఓటు హక్కు గురించో కోర్టు గురించో కాదు. స్నేహితుడు తప్పు చేస్తే చూసీ చూడనట్టు పోవడం, మీటింగులో నోరు మూసుకుని బయట గొణగడం, ఇలాంటివి పదకొండు రకాలు చెప్పాడు. మన భాషలో దానికి చక్కటి మాట ఉంది, మొహమాటం. మొహమాటస్తుడని తిట్టి ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి. మా షావుకారు ముందు నాన్నకి ఉన్నదీ, నాకు ఉన్నదీ అదే.

కోర్టు దారి పట్టినవాళ్లు కూడా ఊరికే కూర్చోలేదు. ఎమర్జెన్సీలో ఆంధ్రలో జరిగిన ఎన్‌కౌంటర్ల మీద 1977లో తార్కుండే కమిటీ విచారణ చేసింది. తార్కుండే మాజీ హైకోర్టు జడ్జి, లిబరల్ అని తిట్టించుకోడానికి అన్ని అర్హతలూ ఉన్న మనిషి. కన్నబిరాన్, కాళోజీ అందులో ఉన్నారు. చనిపోయినవాళ్ల సిద్ధాంతాన్ని ఒప్పుకోకుండానే, వాళ్లని పట్టుకుని కట్టేసి కాల్చారని సాక్ష్యాలతో బయటపెట్టారు. పోలీసు పక్షం వీళ్లని నక్సలైట్ల తొత్తులంది. విప్లవ పక్షంలో కొందరు పాలకుల కోర్టుల మీద భ్రమలు పెంచుతున్నారన్నారు. నన్ను తిట్టిన ఇద్దరూ గుర్తొచ్చారు.

మరి మనకి ఈ లిబరల్ పద్ధతి మంచిదా చెడ్డదా? నా వల్ల ఒక్క ముక్కలో తేల్చడం కాలేదు. 1/70 చూడండి. మన భూమిని గిరిజనేతరుడు కొనకూడదు అనే చట్టం అది. ఎవడి ఆస్తి వాడిష్టం అనే లిబరల్‌కి అది స్వేచ్ఛని ఆపేసే చట్టం. మనకి అదే కంచె. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా మన ఏజెన్సీ భూమిని ప్రైవేటు గనుల కంపెనీకి లీజుకివ్వడానికి లేదంది. అర్జీ పెట్టి, వాదించి గెలిచిన కేసు అది. అదే సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న జీవో 3 కొట్టేసింది. ఏజెన్సీ స్కూళ్లలో టీచరు పోస్టులన్నీ గిరిజనులకే అన్న జీవో. అందరూ సమానం అన్న సూత్రం పెట్టి కొట్టేసింది. టీచర్ ట్రైనింగ్ చేసిన మా అక్క ఆ రోజు అన్నం తినలేదు.

ఇంకో మాట. మెళియాపుట్టి, మందస వైపు చాలా సవర ఊళ్లు షెడ్యూల్డ్ జాబితాలో లేవు. మా ఊరూ లేదు. 1/70 మాకు పేరుకే. జాబితాలోకి ఎక్కించమని కాగితాలు పెడుతూనే ఉన్నారు పెద్దలు. ఆ కాగితాలు రాసేవాణ్ణి లిబరల్ అంటే అనండి, కానీ రాయడం ఆపితే మా నాన్న తోట మిగలదు. కాగితం ఒక్కదానితోనే మిగులుతుందని లేవిడి తెలిసినవాడెవడూ చెప్పడు. సీనియర్ అన్న కోపం అక్కడినుంచే వస్తుందని ఇప్పుడు నాకు అర్థమైంది. అందుకే గుడ్డు సంగతిలో రాజీకొచ్చాం. అర్జీ నేను రాశాను, మొదటి సంతకం అన్నది. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే హైవే మీద అన్న పక్కన కూర్చుంటానని ఒప్పుకున్నాను.

బోరు సంగతి ఇంకా తేలలేదు. పెదనాన్న కొడుకు నాతో మాట్లాడటం లేదు.

మిమ్మల్ని ఒకటి అడగాలి. ఎవరి కిందా లేనివాడు అని చెప్పడానికి మన సవరలో, జాతాపులో, కువిలో, గదబలో పెద్దవాళ్లు ఏ మాట వాడతారు? మా అవ్వని అడిగితే "అలాటోడు ఎవడున్నాడురా" అని నవ్వేసింది. మీ అవ్వాతాతల్ని అడిగి చెప్పండి. ఊరు పేరు కూడా రాయండి, నోట్‌బుక్‌లో ఎక్కించుకుంటాను.